ఆ పిల్లోడు రాసింది తప్పు కాదు

మొన్న సాయంత్రం కడప జిల్లా వేంపల్లెలో మా ఇంటి అరుగు మీద పక్కింటి పిల్లోడు కూర్చుని నోట్సు నింపుతున్నాడు. ఆరో తరగతి. ‘గివ్ అప్ అంటే వదులుకొనుట’ అని వందసార్లు ఇంపోజిషన్. ఏం తప్పు చేసినావురా అంటే, “గివ్ అంటే ఇవ్వు, అప్ అంటే పైకి కదా మామా. పైకి ఇచ్చుట అని రాసినా. క్లాసంతా నగినారు” అన్నాడు.

ఆ నవ్వు విన్నప్పటి నుంచి నాకు కడుపు రగులుతోంది. ఎందుకంటే ఆ పిల్లోడు రాసింది తప్పు కాదు. ఎనిమిది వందల ఏళ్ళకు పైబడిన ఒక పాత అర్థానికి వాడు తనంతట తానే దగ్గరికి పోయినాడు. పన్నెండో శతాబ్దంలో ఇంగ్లండులోని పీటర్‌బరో మఠంలో సన్యాసులు రాసిన చరిత్రలో ఈ మాట కనిపిస్తుంది. స్టీఫెన్ రాజు తనకు ఎదురు నిలుస్తారనుకున్న బిషప్పులను పట్టి ఖైదులో వేశాడు. తమ కోటలు ‘గివ్ అప్’ చేసేదాకా వదల్లేదు. అంటే చేతిలో ఉన్నదాన్ని పైవాడికి అప్పగించడం. అలవాటు మానుకోవడం, ఆశ వదులుకోవడం ఆ వేరు మీద మొలిచిన కొమ్మలు.

కోట అప్పగించడమంటే ఏమిటో ఈ నేలకు ఒకరు చెప్పాలా? 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. మనకు ‘సీడెడ్’ జిల్లాలని పేరు పడింది. తెలుగులో దత్త మండలాలు. దత్తమంటే ఇవ్వబడినది. సీడ్ చేయడమంటే గివ్ అప్ చేయడమే. ఆ పైన కంపెనీ కలెక్టరుగా మన్రో వచ్చి పాలెగాళ్ళ చేత కోటలు విడిపించాడు. ఆ సీడెడ్ పేరు మోయలేక 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు. గివ్ అప్‌కు పర్యాయపదం కావాలంటే గైడు తిరగేయాల్సిన పని లేదు, పిల్లోడు కాలు మోపిన నేల పాత పేరు చెబితే చాలు. ఆ ముక్క చెప్పే ఓపిక లేనివాళ్ళకు నూరు వరుసలు రాయించే ఓపిక మాత్రం ఎక్కడిది?

ఇక ఆ ‘అప్’ సంగతి. దాన్ని పైకి అని మాత్రమే నేర్పి, పైకి అని రాస్తే శిక్షించడం ఏం చదువు? ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్ అన్నప్పుడు పైకి పోయేదేమీ లేదు. పని పూర్తయిందని ఆ ముక్క చెబుతుంది. అదే పని తెలుగులో ‘వేయు’ చేస్తుంది. తిను వేరు, తినేయ్ వేరు. తాగు వేరు, తాగేయ్ వేరు. ‘అన్నం తినేసినా’ అనే పిల్లోడు అక్కడ దేన్నీ విసిరి వేయలేదు. ‘ఇడ్సిపెట్టినా’ అన్నప్పుడు ఎక్కడా ఏదీ పెట్టలేదు. ఫ్రేజల్ వెర్బ్ అంటే బెదరాల్సినదేమీ లేదు, మన ఇండ్లలో పొద్దున లేచింది మొదలు నడిచే వ్యాకరణమే అది. ఆ పేరు అచ్చులో కనిపించింది కూడా 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంలో. విదేశీయులకు ఇవి చాలా కష్టమని 1755లోనే సామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఆయన కష్టమని ఒప్పుకున్న చోట మన పిల్లోడు తడబడితే నవ్వు, శిక్ష!

పైగా వాడి చేత వందసార్లు రాయించే ఆ అర్థమైనా సరైనదా? సిగరెట్టు అయితే మానేస్తాం. బస్సులో ముసలమ్మకు సీటు లేచి ఇస్తాం. దొంగ పోలీసులకు లొంగిపోతాడు. పొడుపుకథ విప్పలేకపోతే ఓడిపోయినామంటాం. రోగి బతకడని డాక్టర్లు చేతులెత్తేస్తారు. ఇంగ్లీషులో ఇవన్నీ గివ్ అప్‌లే. ఒక్క ‘వదులుకొనుట’ వీటిలో దేనికి అతుకుతుంది? సరెండర్, అబాండన్, రిలింక్విష్ అని పక్కన ఇంకో వరుస బట్టీ పట్టిస్తారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి, లాటిన్ దారిలో వచ్చి చేరిన దొరల మాటలవి. మనకు విడిచిపెట్టు పక్కన పరిత్యజించు ఉన్నట్టు. ఈ పోలిక ఒక్కటి చెబితే ఏ మాట ఇంట్లోదో, ఏది అర్జీలోదో పిల్లోడికి జన్మలో మరిచిపోని విధంగా పట్టుబడుతుంది.

ఇంగ్లీషు వద్దని నేను అనను. కూలికి పోయే తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు రావాలని కోరుకుంటే అది న్యాయమైన కోరిక. మన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి పల్లె పిల్లలు వస్తున్నారు, వాళ్ళకు ఇంగ్లీషు కావాల్సిందే. నా పోరు నేర్పే తీరు మీద. 2009లో మన జిల్లాలోనే, మైదుకూరులో, ఒక బడి వాళ్ళు ఇక తెలుగులో మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలో వేలాడదీశారు. ఆ పలకలు తీసేశారు గాని ఆ బుద్ధి పోలేదు. తెలుగు ఆసరాతో ఇంగ్లీషును అర్థం చేసుకోబోయిన పిల్లోణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేయడం కూడా మెడలో పలక కట్టడమే.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ మన భాషను తన భాష ఆసరాతోనే పట్టుకున్నాడు. పండితులను పెట్టుకుని, సందేహం వచ్చిన ప్రతి మాటా అడిగి అడిగి నేర్చుకున్నాడు. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఆ ఇంగ్లీషు దొరకు ఉన్న హక్కు మన పిల్లలకు మన ఊళ్ళో లేదంటే ఎలా ఒప్పుకోను?

పిల్లోణ్ణి అడిగినా, “మీ చీనీ తోట ఏమైందిరా?”

“నాలుగు బోర్లు ఏసినా నీళ్ళు పడలే మామా. మా నాయన ఇడ్సిపెట్టేసినాడు.”

“అదే గివ్ అప్.”

వాడు నా మొహం చూసి, నోట్సు చూసి, మెల్లగా తలూపినాడు. ఇంకా అరవై మూడు వరుసలు మిగిలి ఉన్నాయి. రాయకుంటే పొద్దున క్లాసు బయట నిలబెడతారని మళ్ళీ పెన్ను అందుకున్నాడు.