ప్రత్యేక అధికారి కుర్చీకి రిజర్వేషన్ లేదు



పోయిన భాగం చదివి ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, పంచాయతీ ఎన్నికలు ఆలస్యమైతే మనకేం పోయింది? గ్రామ పంచాయతీని బాబాసాహెబే ఒప్పుకోలేదు కదా? ఊరి పెత్తందారు కంటే ఆఫీసర్ నయం కదా?" అడగాల్సిన ప్రశ్నే. నాగాయలంకలో టీ కొట్టు దగ్గర కూడా ఇదే మాట వింటుంటాను. కాకపోతే అక్కడ అనేవాళ్ళు వేరు, వాళ్ళ ఉద్దేశం వేరు.

ముందు లెక్క చూద్దాం. 2006లో ఎన్నికైన పంచాయతీల గడువు 2011 ఆగస్టులో అయిపోయింది. మళ్ళీ ఓటేసింది 2013 జులైలో. ఆ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో తీరింది. మళ్ళీ ఓటేసింది 2021 ఫిబ్రవరిలో, సర్పంచులు కూర్చుంది ఏప్రిల్‌లో. అంటే 2011 ఆగస్టు నుంచి 2021 ఏప్రిల్ దాకా ఉన్న 116 నెలల్లో 56 నెలలు మన ఊళ్ళను ప్రత్యేక అధికారులే ఏలారు. దాదాపు సగం కాలం! ఈ పదేళ్ళలో కాంగ్రెస్ ఉంది, తెలుగుదేశం ఉంది, వైఎస్సార్ కాంగ్రెస్ ఉంది. ఏ జెండా వాళ్ళూ చేతులు దులుపుకోవడానికి లేదు.

రాజ్యాంగం 243ఈ అధికరణ చెప్పేది సూటిగానే ఉంది. పంచాయతీకి ఐదేళ్ళు, అంతకు మించి లేదు, గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలి. 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు మున్సిపాలిటీల గురించి కూడా ఇదే చెప్పింది. 2018 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ప్రత్యేక అధికారుల పాలనను తప్పుపట్టి, మూడు నెలల్లో ఎన్నికలు పెట్టమంది. పెట్టారా? ఆ తర్వాత కరోనా అన్నారు, ఎన్నికల కమిషనర్‌తో పంచాయితీ అన్నారు. చివరికి 2021 జనవరి 25న సుప్రీంకోర్టు చెబితే గానీ కదల్లేదు.

ఇక నెపాలు చూడండి. 2011లో బీసీల రిజర్వేషన్‌తో కలిపి యాభై శాతం దాటిందన్న కోర్టు గొడవ. 2020 మార్చిలో 59.85 శాతాన్ని హైకోర్టు కొట్టేసింది, బీసీల 34 శాతం కాస్తా 24కి పడిపోయింది. తెలంగాణలో కూడా అంతే: 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలు అధికారుల చేతికి పోతే, అక్కడా చర్చంతా బీసీల 42 శాతం చుట్టూనే నడిచింది. బీసీ సోదరులారా, గమనించండి. మీ వాటా తేల్చడానికి కావలసినంత టైమ్ ఐదేళ్ళ ముందు నుంచీ ఉంటుంది. గడువు తీరాకే ఆ ఫైలు దుమ్ము దులుపుతారు. ఎన్నిక ఆగిన నింద మీ మీదా మా మీదా పడుతుంది.

రెండో నెపం హద్దులు. గుడివాడ సంగతే తీసుకోండి. 2014లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో మచిలీపట్నంలో ఓటేశారు, పెడనలో, ఉయ్యూరులో, నూజివీడులో వేశారు. గుడివాడలో లేదు. శ్రీకాకుళం పట్టణం ఇంకా ఘోరం, 2005 తర్వాత అక్కడ కౌన్సిల్ ఎన్నికే లేదు. పక్క ఊళ్ళ విలీనం, వార్డుల విభజన, వాటి మీద కేసులు! అదే ప్రభుత్వం 2022 జనవరి చివర్లో ముసాయిదా ఇచ్చి, ఏప్రిల్ 4 కల్లా పదమూడు జిల్లాలను ఇరవై ఆరు చేసింది. మన కృష్ణా జిల్లాను కోసి బెజవాడను ఎన్టీఆర్ జిల్లాకు, కైకలూరును ఏలూరు జిల్లాకు ఇవ్వడానికి డెబ్బై రోజులు చాలాయి. ఒక పట్టణంలో వార్డుల గీతలు గీయడానికి మాత్రం ఏళ్ళు చాలవట.

విలీనం వల్ల ఇంకో దెబ్బ ఉంది, పేపర్లు రాయవు. ఊరు మున్సిపాలిటీలో కలిస్తే ఉపాధి హామీ పని పోతుంది, అది పల్లెలకే. వేసవిలో మాలపల్లి, మాదిగగూడెం ఆడవాళ్ళకు ఉన్న కూలి అదొక్కటే. పట్నం పన్ను ముందొస్తుంది, డ్రైనేజీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. వద్దని చేయెత్తడానికి కౌన్సిలర్ కూడా ఉండడు.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామ గణతంత్రాల భ్రమను ఆయన చీల్చి చెండాడిన మాట నిజం. కానీ తమ్ముడూ, 1932లో బొంబాయి శాసన మండలిలో పంచాయతీల బిల్లు మీద ఆయన ఏం అడిగారో కూడా చదువు. అణగారిన వర్గాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేని పంచాయతీని ఒప్పుకోనన్నారు. ఆ షరతు 73వ సవరణతో, 1993లో గానీ దేశమంతటికీ చట్టం కాలేదు. జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీ సీట్లు, అందులో ఆడవాళ్ళకు వాటా. ఎన్నిక ఆపితే ఊరు మారదు, పెత్తందారు మారడు, చెరువు కింద భూమి చేతులు మారదు. పోయేది ఆ షరతొక్కటే. ప్రత్యేక అధికారి కుర్చీ ఎస్సీ మహిళకు రిజర్వ్ అయిన పంచాయతీని ఎక్కడైనా చూశారా?

"మనవాళ్ళలో ఆఫీసర్లు లేరా?" అంటారు. ఉన్నారు, సంతోషం. ఆయన కలెక్టర్‌కు జవాబుదారీ, మన పేటకు కాదు. 2019 వేసవిలో మా పేట కుళాయికి ఉప్పునీళ్ళు వస్తుంటే బిందెలతో నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కాం. ప్రత్యేక అధికారికి అసలు ఉద్యోగం వేరే ఉంది, మీద మరికొన్ని పంచాయతీలున్నాయి. నాలుగుసార్లూ "సారు క్యాంపులో ఉన్నారు" అన్నారు. అదే వారం పెద్ద ఆసామి చేను గట్టు దాకా గ్రావెల్ రోడ్డు పడింది. ఆయన ఆఫీసుకే రాలేదు, ఫోన్ చేశాడంతే. సర్పంచ్ అయితే ఎక్కడికి పోతుంది? సాయంత్రానికి ఇంటికి రావాలి, వచ్చే ఎన్నికకు మా వీధిలోకి రావాలి.

దళిత సర్పంచ్ వెనక ఆసామి ఉంటాడు, ఆమె ఉత్త బొమ్మ అని కూడా అంటారు. కొన్నిచోట్ల నిజమే. బొమ్మే అయితే ఆమె సంతకం కోసం ఆమె గుమ్మం దాకా ఎందుకు రావాల్సొస్తోంది? తమిళనాడులో పాప్పాపట్టి, కీరిపట్టి పంచాయతీలు దళితులకు రిజర్వ్ అయ్యాయని అక్కడి పెత్తనం కులం 1996 నుంచి 2006 దాకా ఎన్నిక జరగనివ్వలేదు. మేలవళవులో గెలిచిన మురుగేశన్‌ను 1997లో నరికి చంపారు. బొమ్మ కోసం ఎవరూ కత్తి పట్టరు. అక్కడ కులం బాహాటంగా చేసినది ఇక్కడ ఒక జీవో చప్పుడు లేకుండా చేస్తోంది.

2021 ఏప్రిల్‌లో కూర్చున్న పంచాయతీలకు 2026 ఏప్రిల్‌తో ఐదేళ్ళు. ఇప్పటికే కొత్త జిల్లాలు, జనగణన, హద్దులు అన్న మాటలు మళ్ళీ మొదలయ్యాయి. కాబట్టి అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక, మోపిదేవి మండలాల విద్యార్థులు ఈ నెలలోనే ఒక పని చేయండి. మీ పంచాయతీకి 2006, 2013, 2021లో ఏ రిజర్వేషన్ వచ్చిందో, మధ్యలో ఎన్ని నెలలు అధికారి పాలన ఉందో, ఆ నెలల్లో డబ్బు ఏ వీధిలో ఖర్చయిందో సమాచార హక్కు కింద అడగండి. దరఖాస్తు నమూనా కామెంట్‌లో పెడుతున్నాను. ఎదురుమొండి దీవి నుంచి వచ్చేవాళ్ళు పంటు దాటి ఒక్కరే రావద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి రండి, రసీదు తీసుకోకుండా వెళ్ళకండి.

వచ్చే భాగం వార్డుల విభజన మీద: మన పేటను రెండు వార్డుల్లోకి ఎలా చీలుస్తారో, అభ్యంతరం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో.