దణ్ణం పెడితే తప్పేమిటి?

"పెద్దవాళ్ళకు విదేశీ యాత్రలెందుకు? అక్కడ వాళ్ళకేం అర్థమవుతుంది?" అని అడిగేవారున్నారు. అర్థం కానిది వాళ్ళకు కాదు, మనకు అని నా వాదన.

2023 ఏప్రిల్ 6, చైత్ర పౌర్ణమి. క్రైస్తవుల పవిత్ర వారంలో అది గురువారం. అమ్మతో కలిసి స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరంలో ఉన్నాను. ఆ రాత్రి ఆ ఊరు నిద్రపోదు. నడిరేయి మకరేనా మాత ఊరేగింపు బయలుదేరుతుంది. టన్నుకు పైగా బరువుండే పల్లకిని లోపల దాగిన మనుషులు మెడలపై మోస్తారు. మొనదేలిన ముసుగులు ధరించిన భక్తులు కొవ్వొత్తులు పట్టుకుని ముందు నడుస్తారు. ఇదంతా ముందే చదువుకుని, కెమెరా సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

మాత విగ్రహం దగ్గరకు వచ్చింది. చెంపలపై గాజు కన్నీళ్ళు. అమ్మ చేతులు జోడించింది. "వద్దమ్మా, అందరూ చూస్తున్నారు" అంటూ ఆ చేతులు దించినవాణ్ణి నేనే.

"కొడుకును పోగొట్టుకున్న తల్లి గదరా నాయనా! దణ్ణం పెడితే తప్పేముంది?" అంది అమ్మ.

మా కడప జిల్లా ఒంటిమిట్టలో కోదండరాముని కల్యాణం పండువెన్నెలలో జరుగుతుంది. అక్కడ ఎవరైనా పరదేశి కెమెరాతో అడ్డం వస్తే, ఇది తమాషా కాదని కసురుకుంటాం. సెవిల్‌లో ఆ పరదేశిని నేను.

పరమత విగ్రహానికి మొక్కడం అపచారమని కొందరంటారు. ఏటా ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరుని గుడికి ముస్లింలు వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని వారి నమ్మకం. అమ్మ పెరిగింది ఆ గాలిలో. ఆ మొక్కులో మతం మారింది లేదు, స్వామికి తగ్గిందీ లేదు.

దీన్ని కళగా, చరిత్రగా చూస్తే చాలు, భక్తి చాదస్తమని మరికొందరంటారు. చదువుకున్న నేనూ ఆ జట్టులోనివాణ్ణే. కానీ తెల్లవార్లూ ఆ బరువు మోసేవారు నటులు కారు. వారి దుఃఖాన్ని బొమ్మగా మాత్రమే చూసి వెళ్ళిపోవడం సంస్కారమెలా అవుతుంది?

ఆ రాత్రి తీసిన ఫొటోలు నా వద్ద చాలా ఉన్నాయి. అమ్మ ఒక్కదానిలోనూ లేదు.

తల్లిదండ్రులను పరదేశం తీసుకువెళ్ళేవారికి నా మనవి ఒక్కటే. వారికి దారి మీరు చూపండి. పరాయివారి పండుగలో ఎలా నిలబడాలో మాత్రం వారిని చూసి నేర్చుకోండి.