పేరు మంత్రానిది, గడువు వైరస్‌ది

పచ్చకామెర్లకు నాటుమందు ఇచ్చే కొన్ని చోట్ల ఒక తంతు జరుగుతుంది. రోగి పరగడుపున రావాలి. మందిచ్చే ఆయన రోగి చేతులకు మోచేతుల దాకా ఏదో పసరు పట్టిస్తాడు. అది ఆరాక పళ్ళెంలో తేటనీళ్ళు పోసి, అందులో చేతులు కడగమంటాడు. కడిగేకొద్దీ నీళ్ళు పచ్చబడతాయి. "చూశావా అమ్మా, కామెర్లు దిగుతున్నాయి" అంటాడు. చుట్టూ చేరినవాళ్ళు తలలూపుతారు. మరుసటి వారం వచ్చేసరికి పచ్చదనం తగ్గుతుంది. మూడో వారానికి నీళ్ళు తెల్లగానే ఉంటాయి.

ఆ పసరు మామిడి బెరడుది. ఆ నీళ్ళు సున్నపు తేట. రెండూ కలిస్తే కామెర్లు ఉన్నవాడి చేతులైనా లేనివాడి చేతులైనా పచ్చగానే కారతాయి. పసరు పలచన చేస్తే రంగు తగ్గుతుంది, మానేస్తే ఆగిపోతుంది. హేతువాద సంఘాల వాళ్ళు ఈ గారడీని ఎన్నో ఊళ్ళలో చేసి చూపించారు.

గుట్టు విప్పడం తేలికే. విప్పాక జనంలోంచి ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న దగ్గరే చిక్కు: "అదంతా సరే మాస్టారూ, మావాడికి తగ్గింది కదా?" తగ్గింది. అందులో అబద్ధం లేదు. మన దగ్గర ఉన్నట్టుండి వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీళ్ళ ద్వారా వ్యాపించే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌ల పని. చాలామందిలో ఈ రెండింటినీ ఒంట్లోని రోగనిరోధక శక్తే కొద్ది వారాల్లో తరిమేస్తుంది. నేల ఉసిరి నూరి తాగినా తగ్గుతుంది, మజ్జిగన్నం తిని పడుకున్నా తగ్గుతుంది. మూడు వారాలు రమ్మనడంలోనే కిటుకంతా ఉంది. జబ్బు ఎన్నాళ్ళకు పోతుందో మందిచ్చే ఆయనకు తరతరాల అనుభవంతో తెలుసు. ఆ గడువుకు తన వైద్యాన్ని అతికించాడు. వైరస్ జబ్బుల చుట్టూ మనం అల్లుకున్న నమ్మకాల్లో సగానికి సగం ఇలా అతికించినవే అని నా వాదన.

"పోనీలెండి, ఎలాగూ తగ్గేదే కదా, ఆయన పొట్ట ఆయన పోసుకుంటున్నాడు" అని ఊరుకోవచ్చా? కళ్ళు పచ్చబడ్డ ప్రతివాడిదీ ఒకే జబ్బు అయితే ఊరుకోవచ్చు. హెపటైటిస్-బి వైరస్ పుట్టుకతోనే తల్లి నుంచి సోకితే, 100 మంది పిల్లల్లో 90 మందిలో అది తిష్ఠ వేసుకుంటుంది. ఏళ్ళు గడిచాక కాలేయం గట్టిపడో, క్యాన్సర్ అయ్యో బయటపడుతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్-ఇ వస్తే 100కి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి. పళ్ళెంలో సున్నపు తేటకు ఈ తేడాలేవీ తెలియవు. హెపటైటిస్-బికి టీకా ఉంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే తయారుచేసి, ధర సామాన్యుడికి అందేలా దించింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే ఉచితంగా వేస్తున్నారు. దానివల్ల ఆగిపోయిన జబ్బు ఎవరి కంటికీ కనపడదు. రాని జబ్బు గురించి రచ్చబండ మీద ఎవరూ కథలు చెప్పుకోరు. టీకాకు పలుకుబడి తక్కువ, పసరుకు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

ఇక ఆటలమ్మ. "అమ్మవారు పోసింది" అన్న మాట పడగానే ఇంటి నడవడే మారిపోతుంది. గుమ్మానికి వేపమండలు వస్తాయి. తాలింపు బంద్. పెరుగన్నం, అంబలి, కొబ్బరినీళ్ళు. బేసి రోజు చూసి వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు తలకు పోసి అమ్మను సాగనంపుతారు. ఆటలమ్మ పొక్కులు మామూలుగా వారం రోజుల్లో ఎండి పక్కు కడతాయి. అమ్మ వెళ్ళే ముహూర్తమూ అదే. ఈ ఆచారంలో మంచి లేదనను. రోగిని వేరే గదిలో ఉంచడం, చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపడం, చలవ చేసే తిండి పెట్టడం మన అవ్వలు కళ్ళతో చూసి నేర్చుకున్న జాగ్రత్తలు. వైరస్ అనే ఊహే లోకానికి 1892లో ఇవనోవ్‌స్కీ, 1898లో బైయరింక్ పొగాకు ఆకు తెగులు మీద చేసిన ప్రయోగాలతో వచ్చింది. అంతకు ముందు తరాలను ఎగతాళి చేయడం హేతువాదం కాదు, పొగరు. మన తగువు "అమ్మ ఇంట్లో ఉండగా సూదిమందు వేయిస్తే ఆవిడకు కోపం వస్తుంది" అనే మాటతో. పెద్దవాళ్ళలో, గర్భిణుల్లో ఈ వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా తేగలదు. ఎగఊపిరితో ఉన్న మనిషి పక్కన కూర్చుని వేపమండ ఊపడాన్ని భక్తి అనలేం.

పక్కు రాలినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కన నరాల మొదళ్ళలో నక్కి, ఎప్పుడో యాభై అరవై ఏళ్ళ వయసులో ఒళ్ళు నీరసించినప్పుడు మళ్ళీ లేస్తుంది. దాన్నే సర్పి అంటాం. నడుము మీద ఎర్రటి పొక్కుల వరస పాకుతుంది. దాని తల, తోక కలిస్తే మనిషి పోతాడని నమ్మకం. కలవకుండా ఆపడానికి మంత్రం వేస్తారు, పైపూత పూస్తారు. ఈ వైరస్ నరం వెంబడి నడుస్తుంది. ఆ నరం వెన్ను దగ్గర మొదలై పొట్ట నడిమధ్య ఆగిపోతుంది. ఎడమవైపు లేచింది ఎడమవైపే ఉంటుంది. కాబట్టి తల, తోక కలవడమన్నది దాదాపు జరగదు. జరగని ప్రమాదం నుంచి కాపాడేవాడికి ఓటమి ఎక్కడిది? అసలు ప్రమాదం వేరే ఉంది. కంటి దగ్గర లేస్తే చూపు పోవచ్చు. పొక్కులు మానాక కూడా నెలల తరబడి మంట పీడించవచ్చు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ మూడు రోజులూ మంత్రానికే ఖర్చయిపోతాయి.

గవదబిళ్ళలకు మెడలో వేసే బంగారు గొలుసు సంగతీ ఇంతే. వారం పది రోజుల్లో వాపు దిగుతుంది, గొలుసు మళ్ళీ బీరువాలోకి వెళ్తుంది. 2021 మేలో కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేలమంది తోసుకున్నారు. కోవిడ్ సోకినవాళ్ళలో అత్యధికులు కోలుకునేవాళ్ళే గనక, ఏ ఆకు తినిపించినా "నాకు తగ్గింది" అనేవాళ్ళకు కొదవ ఉండదు. మందు పనిచేసిందా లేదా తేలాలంటే తిన్నవాళ్ళను, తిననివాళ్ళను పక్కపక్కన పెట్టి లెక్క చూడాలి. ఆ లెక్క చూడకుండానే, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందుకు నెలాఖరున ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

అలాంటి లెక్క ఎవరూ పనిగట్టుకుని వేయకుండానే చరిత్ర ఒకసారి వేసిపెట్టింది. మశూచి వందల ఏళ్ళు మన ఊళ్ళను తిన్నది. పోలేరమ్మకు జాతరలు చేశారు, దున్నపోతులను బలిచ్చారు, పొలిమేర చుట్టూ పొలి చల్లారు. మశూచి వస్తూనే ఉంది. టీకాలవాళ్ళు వస్తే పిల్లలను దాచిపెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. చివరికి రెండు కొనల చిన్న సూదితో ఇంటింటికీ తిరిగి, కేసు ఎక్కడుంటే అక్కడ చుట్టుపక్కల అందరికీ టీకా వేసుకుంటూ పోయారు. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980 మే 8న ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. వెంకటగిరిలో పోలేరమ్మ జాతర ఇప్పటికీ ఏటా జరుగుతోంది. జాతర అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మధ్యలో కొత్తగా వచ్చింది టీకా. ఫలితం ఎవరి ఖాతాలో వేయాలో చెప్పడానికి పెద్ద తర్కం అక్కర్లేదు.

పశువుల్లోనూ ఇదే జరిగింది. రైతులు పెద్దరోగం అని వణికిపోయిన రిండర్‌పెస్ట్ ఇక భూమ్మీద లేదని 2011లో ప్రకటించారు, అదీ టీకాలతోనే. గాలికుంటు మాత్రం మిగిలింది. నోట్లో పుళ్ళు, చొంగ, గిట్టల మధ్య పుండ్లు, మేత ముట్టని పశువు. కొన్ని ఊళ్ళలో మంత్రించిన తాడును ఊరి వాకిట అడ్డంగా కట్టి మందనంతా దాని కింద నుంచి నడిపిస్తారు. గాలికుంటు వైరస్ చొంగలో ఉంటుంది, ఊపిరిలో ఉంటుంది. జబ్బు పశువునూ మంచి పశువునూ ఒకే ఇరుకు దారిలో తోసి నడిపించడం కంటే దానికి కావాల్సిందేముంది? పెద్ద పశువులు రెండు మూడు వారాల్లో చాలావరకు లేచి మేస్తాయి గనక తాడుకు పేరొస్తుంది. చచ్చిన దూడలు, తగ్గిపోయిన పాలు తాడు లెక్కలోకి రావు.

పంటల దగ్గరకొస్తే కథ మారుతుంది. వైరస్ పట్టిన మొక్కను మళ్ళీ మామూలుగా చేసే మందు పొలంలో లేదు. మిరపలో జెమిని వైరస్ వస్తే ఆకులు పైకి ముడుచుకుని, మొక్క గిడసబారి, కాయ నిలవదు. దీన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. చేలో మాత్రం దిష్టిబొమ్మ నిలబడి ఉంటుంది. నెల్లూరు జిల్లాలో 2018లో ఒక రైతు ఏకంగా సినిమా తార ఫ్లెక్సీ కట్టి వార్తల్లోకెక్కాడు, దారినపోయేవాళ్ళ కళ్ళు పంట మీద పడకూడదని. మన పంటకు ముప్పు మనిషి కంటితో కాదు, దోమ కంటితో. తెల్లదోమ కంటికి పసుపు రంగంటే ఇష్టం. అందుకే పసుపు జిగురు అట్టలు పెట్టమంటారు. నారుకు వల కప్పమని, చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో వేయమని, తెగులు పట్టిన మొక్కను మొదట్లోనే పీకేయమని చెబుతారు.

ఇక్కడ మంత్రగాడి కంటే నాకు పురుగుమందుల కొట్టు మీదే కోపం ఎక్కువ. "వైరస్‌కు స్పెషల్ మందు" అని సీసా చేతిలో పెట్టి, ఉద్దెర పద్దులో వేలు రాసుకుంటారు. దిష్టి తీసేవాడు కొబ్బరికాయతో సరిపెట్టుకుంటాడు. లేబుల్ మీద ఇంగ్లీషులో ఉంది కదా అని నమ్మడమూ మూఢనమ్మకమే.

2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగ ఉన్నట్టుండి మాడిపోయింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాన్ని పొగాకు స్ట్రీక్ వైరస్‌గా తేల్చారు. అది దాగింది గట్ల మీద తెల్లగా పూసిన వయ్యారిభామలో. పుప్పొడిలో వైరస్, ఆ పుప్పొడిని ఆకుల మీదికి చేర్చి గాటు పెట్టే తామర పురుగు. నివారణకు మొదటి పని, ఆ కలుపును పూతకు రాకముందే పీకేయడం. ఖర్చు కూలి డబ్బులు.

వాటంతటవే తగ్గే జబ్బుల దగ్గర సంపాదించుకున్న పేరు, తగ్గని జబ్బు దగ్గర ప్రాణాల మీదికి తెస్తుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్ళు దాదాపు లేరు. మరి కుక్కకాటుకు పసరు పోసేవాళ్ళకు అంత పేరెలా వచ్చింది? కరిచిన కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు. జబ్బులేని కుక్క కరిచినవాళ్ళంతా పసరు తాగి బతికామని సాక్ష్యం చెబుతారు. జబ్బున్న కుక్క కరిచినవాడు రెండు మూడు నెలలకు, ఒక్కోసారి ఏడాదికి, నీళ్ళను చూసి బెదిరిపోతూ చనిపోతాడు. అప్పటికి కాటు సంగతే ఊరు మరిచిపోయి ఉంటుంది. గుర్తున్నవాళ్ళుంటే "పథ్యం తప్పాడు" అంటారు. పోయినవాడు లేచి వచ్చి సాక్ష్యం చెప్పడు.

పసరు వైపు జనం మొగ్గడానికి సూది భయం కూడా ఒక కారణం. బొడ్డు చుట్టూ 14 సూదులన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకాను మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పుడు వేసేది భుజానికి, చర్మంలోకి. కరిచిన రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు.

కుక్క కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, అది వీధికుక్క అయినా పెంపుడుదయినా పిల్లకుక్కయినా, ముందు గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద పెట్టి సబ్బుతో పావుగంట కడగండి. సున్నం, కారం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా వేయాలి, అడిగి వేయించుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళ మాట కాదనలేక ఇప్పటికే పసరు తాగి ఉన్నా, కరిచి నాలుగు రోజులు దాటినా, ఇక లాభం లేదనుకోకుండా వెళ్ళండి. లక్షణాలు మొదలుకానంత వరకు టీకాకు సమయం మించిపోయినట్టు కాదు.