తూకానికి కొన్న మోటార్లు

నాన్నకి ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్. అంటే ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. పుట్టి పెరిగిన చోటు గురించి రాయడం మొదలుపెడితే ఇవాళ తెమలదు గానీ, ప్రస్తుతానికి సమస్యల్లా వెనక వరండా. నాలుగేళ్ళుగా నేను పోగేసిన పాత మోటార్లు అక్కడ పదకొండు ఉన్నాయి. "కొత్తింటికి ఒక్క అట్టపెట్టెకి మించి తెస్తే ఊరుకోను" అని అమ్మ తేల్చేసింది. పోయిన వారం హైదరాబాద్ నుంచి వెళ్ళి, కింద కూర్చుని ఏరితే పెట్టెలోకి ఎక్కినవి నాలుగే.

లెక్క చూసుకుంటే సిగ్గేసింది. నాలుగేళ్ళు, పదకొండు మోటార్లు, మెషిన్లు సున్నా.

చెక్క, యాక్రిలిక్, కుదిరితే అల్యూమినియం చెక్కే చిన్న సీఎన్‌సీ మెషిన్ ఇంట్లోనే కట్టుకోవాలని నా కోరిక. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. ఆర్డుయినో మీద జీఆర్‌బీఎల్ ఎక్కిస్తే మెదడు తయారు. పాత పీసీ ఉంటే లైనక్స్‌సీఎన్‌సీ. రెండూ ఉచితమే. మోటార్ల దగ్గరకొచ్చేసరికి జేబు గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి దారి నేరుగా పాత ఇనుము కొట్టుకే.

"మీ ఇంటి పక్కనే స్టీల్ ప్లాంటు, నీకు మోటార్లకేం కొదవ?" అని ఆఫీసులో అడుగుతుంటారు. రోలింగ్ మిల్లుల్ని తిప్పే మోటార్లు వందల, వేల కిలోవాట్లవి. మనక్కావలసింది అరచేతిలో పట్టేది. పైగా ప్రభుత్వరంగ సంస్థల స్క్రాప్ ఎంఎస్‌టీసీ లాంటి వాళ్ళ ఈ-వేలంలో లాట్లు లాట్లుగా, 'ఉన్నది ఉన్నట్టు' పద్ధతిలో పోతుంది. ఒక్క మోటారు ఏరుకుంటానంటే కుదరదు. నేను కొన్నవన్నీ గాజువాక వైపు కొట్లలోవి. ప్రింటర్లు, జిరాక్స్ మెషిన్లు, ఎంబ్రాయిడరీ మెషిన్లు విప్పగా వచ్చిన సరుకు. ఉక్కునగరం నాకిచ్చింది మోటార్లు కాదు, మోటార్లు తెలిసిన మనుషుల్ని. నాన్న ఇన్నేళ్ళూ చేసింది ఎలక్ట్రికల్ మెయింటెనెన్సే. ఆయన్ని అడక్కుండా కొనడమే నేను చేసిన తప్పు.

మచ్చుకి ఒకటి చెప్తా. రెండేళ్ళ క్రితం ఒక కొట్లో నల్లగా నిగనిగలాడుతూ ఏసీ సర్వో కనిపించింది. షాఫ్ట్ ఎంత తిప్పినా కదల్లేదు. "జామైపోనాది బాబూ, తూకానికి అట్టుకెళిపోండి" అన్నాడు కొట్టాయన. ఎనిమిది కిలోలు తూగింది. ఇంటికి తెచ్చాక నాన్న రెండు నిమిషాలు తిరగేసి చూసి, "జామ్ కాదురా, దీనికి బ్రేకుంది. నిలువు యాక్సిస్‌ది అయ్యుంటుంది. కరెంటు పోయినప్పుడు బరువు కిందకి జారకుండా పట్టుకుంటుంది" అన్నారు. బ్రేకు వైర్లకి 24 వోల్టుల డీసీ ఇచ్చాం. టక్కుమంది, షాఫ్ట్ హాయిగా తిరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

మర్నాటికి మత్తు దిగింది. దాని ఎన్‌కోడర్ మాట్లాడేది ఆ కంపెనీ సొంత సీరియల్ ప్రోటోకాల్. అది అర్థమయ్యే డ్రైవ్ నా దగ్గర లేదు. విడిగా కొందామంటే ఆ ధరకి మూడు యాక్సిస్‌లకీ కొత్త స్టెప్పర్లే వచ్చేస్తాయి. "ఎన్‌కోడర్ పీకేసి వేరేది పెడితే?" అన్నాను. "రోటర్ ఏ కోణంలో ఉందో డ్రైవ్‌కి చెప్పేది అదే. పీకితే ఆ లెక్క పోతుంది. పైగా ఇది 200 వోల్టుల సరుకు. డ్రైవ్ కెపాసిటర్లలో దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది, స్విచ్ ఆపేసినా కాసేపు అలాగే నిలవుంటుంది. అమ్మ బట్టలారేసే వరండాలో ఆడుకునేది కాదు" అన్నారు.

డాక్యుమెంటేషన్ లేదు, సోర్స్ లేదు, పైగా వెండర్ లాకిన్. ఆఫీసులో ఎవడైనా ఇలాంటి లైబ్రరీ తెస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తాం. అదే మనిషిని కొట్లోకెళ్ళి డబ్బిచ్చి మరీ తెచ్చుకున్నా.

కొట్టాయన మోటార్ని తూకంతో కొలుస్తాడు. ఆయనకి అందులో ఉన్నది రాగి, ఇనుము. ఆయన తప్పేం లేదు. మనమూ అదే కొలతతో కొనడం తప్పు. నా వాదనల్లా ఒకటే: పాత మోటార్ని దాని బలం చూసి కాదు, దాని గురించి మనకెంత తెలుసో చూసి కొనాలి. ముందు మెషిన్ లెక్క కాగితం మీద ఉండాలి. కొట్టుకి వెళ్ళడం ఆ తర్వాత.

లెక్కంటే పెద్దదేం కాదు. చుట్టుకి 5 మి.మీ. జరిగే బాల్ స్క్రూ, చుట్టుకి 200 స్టెప్పులేసే మోటారు అనుకుందాం. ఒక్కో స్టెప్పుకి 0.025 మి.మీ. నిమిషానికి 1000 మి.మీ. వేగం కావాలంటే 200 ఆర్‌పీఎం చాలు. ఆ వేగం దగ్గర 1 న్యూటన్ మీటర్ టార్క్ మిగిలుంటే, స్క్రూ సామర్థ్యం 90 శాతం వేసుకున్నా తోపు దాదాపు 1100 న్యూటన్లు, అంటే 115 కిలోల బరువంత. చెక్క పనికి ధారాళం. ఎనిమిది కిలోల సర్వోతో నేనేం పొడుద్దామనుకున్నానో!

ఇక కొట్లో చూడాల్సినవి. నేమా 23 అంటే మోటారు ముందు పలక 2.3 అంగుళాలని మాత్రమే, బలమెంతో ఆ అంకె చెప్పదు. వైర్లు 4, 6, 8 ఉన్న మామూలు స్టెప్పర్లు మనకి పనికొస్తాయి. 5 ఉంటే వదిలెయ్యండి. కామన్ లోపలే కలిసిపోయి ఉంటుంది, లేదా అది ఐదు ఫేజుల మోటారు, దాని డ్రైవరే వేరు. పాత ప్రింటర్ల చిన్న మోటార్లలో 7.5 డిగ్రీలవి ఉంటాయి, చుట్టుకి 48 స్టెప్పులే.

నేమ్‌ప్లేట్ మీద 12 వోల్టులు, 0.4 ఆంపియర్లు అనుంటే మురిసిపోవద్దు. అలాంటి వాటిలో ఇండక్టెన్స్ ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ టార్క్ పడిపోతుంది. 3 వోల్టులు, 3 ఆంపియర్లు లాంటిది మనకి మేలు. దీనికో బండగుర్తుంది: ఇండక్టెన్స్‌ని మిల్లీహెన్రీల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 32తో గుణిస్తే మోటారుకి ఇవ్వదగ్గ గరిష్ట వోల్టేజీ వస్తుంది. 2.25 మిల్లీహెన్రీలకి 48 వోల్టులు, 50 వోల్టుల డ్రైవర్‌తో సరిపోతుంది. అదే 16 అయితే 128. మనం కొనే చవక డ్రైవర్లు ఆ దరిదాపులకి కూడా పోవు, మోటారు సగం నిద్రలోనే ఉంటుంది.

జేబులో మల్టీమీటర్ ఉంచుకోండి. కాయిళ్ళ రెసిస్టెన్స్ సమానంగా ఉండాలి, బాడీకి కనెక్షన్ తగలకూడదు. ఒక కాయిల్ రెండు కొసలూ కలిపి షాఫ్ట్ తిప్పితే బిగుసుకోవాలి. పక్కకి ఊపితే ఊగకూడదు. లోపల చూద్దామని మాత్రం విప్పకండి, రోటర్ బయటికి లాగితే అయస్కాంతం నీరసపడొచ్చు.

"ఇంత తంటా ఎందుకు, కొత్తవే కొనుక్కోవచ్చుగా?" అంటారా? నిజమే. కొత్త నేమా 23 రెండు మూడు వేలల్లో దొరుకుతోంది. పాతది అందులో సగం దాటితే కొనొద్దనే నేనూ అంటా. కానీ పాతవాటి వల్ల ఒక లాభం ఉంది. ఇంజనీరింగ్‌లో మోటార్ల మీద పరీక్ష రాసి పాసయ్యాను గానీ, ఒక్కసారైనా షాఫ్ట్ చేత్తో పట్టుకుని తిప్పిన పాపాన పోలేదు. అది నేర్పింది ఈ పదకొండు మోటార్లే, వాటి పక్కన స్టూలేసుకుని కూర్చున్న నాన్నే.

పెట్టెలోకెళ్ళిన నాలుగూ ఒకే ఎంబ్రాయిడరీ మెషిన్‌లోంచి వచ్చిన స్టెప్పర్లు. మూడు యాక్సిస్‌లకి మూడు, ఒకటి స్పేర్. "పెట్టెలో ఎందుకురా, క్వార్టర్ ఖాళీ చేసేలోపే కట్టేద్దాం, వరండా ఉండగానే" అన్నారు నాన్న. ఈ నెల నుంచి రెండు వారాలకోసారి వెళ్తానని మాటిచ్చా.

మిగతా ఏడూ తిరిగి కొట్టుకే పోయాయి. సర్వో మళ్ళీ అదే ఎనిమిది కిలోలు తూగింది. డబ్బులు లెక్కపెడుతూ కొట్టాయన "కొత్త సరుకొచ్చింది బాబూ, చూత్తారేటి?" అన్నాడు.

చూళ్ళేదు. అంటే... చూసా, కొనలేదు. :)