నెత్తురు చీటీ చెప్పని సంగతి

మా చంద్రగిరిలో ఇప్పుడు నలభై దాటిన ఆడవాళ్ళు ఇద్దరు కలిస్తే కోడళ్ళ ఊసు పోయి ఈస్ట్రోజన్ ఊసు వస్తోంది. తిరుపతి పోయి "హార్మోన్ ప్యాకేజీ" చేయించుకోవడం, చీటీలో అంకె తక్కువగా ఉందని ఆ రాత్రంతా నిద్ర మానుకోవడం! నన్నడిగితే ఆ చీటీల్లో చాలా మటుకు డబ్బు దండగ.

కోప్పడకండి. ఈస్ట్రడయాల్ ఒకచోట నిలిచేది కాదు. బహిష్టు మొదటి రోజుల్లో మిల్లీలీటరుకి కొన్ని పదుల పికోగ్రాములుంటే, అండం విడుదలయ్యే ముందు రెండు మూడు వందలు దాటవచ్చు. నెలలో ఏ రోజున రక్తం తీశారో తెలియని అంకె, తేదీ లేని ఉత్తరంలాంటిది. ముట్లుడిగే ముందు సంవత్సరాల్లోనైతే ఈ వారం ఒకలా, పై వారం ఒకలా. అందుకే 45 దాటినవారికి ఒంట్లో ఆవిర్లు, నెలసరి తప్పడం ఉంటే ఆ లక్షణాలే చాలు, హార్మోన్ పరీక్ష అక్కర్లేదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2015లోనే చెప్పాయి. వేరే కారణమేదీ లేకుండా పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టే. దానికి గోడమీది క్యాలెండరు చాలు.

మరి పరీక్ష ఎవరికీ వద్దా? 40 లోపే నెలసరి నిలిచిపోయిన అమ్మాయికి తప్పక కావాలి, ఎఫ్.ఎస్.హెచ్.తో సహా. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోవడమూ న్యాయమే. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం ల్యాబుకి కాదు, తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నా అసలు కోపం వేరే ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది! "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా దాంతో పనేముంది?" అన్న మాట మనం విననిదా? సంచి ఒక్కటే తీస్తే అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. చిన్న వయసులో వాటినీ తీసేస్తే ఈస్ట్రోజన్ రోజుల్లో పడిపోతుంది. ఆ బాకీ తర్వాత ఎముకలూ గుండే తీర్చాలి. ఈ తేడా ఆపరేషన్‌కి ముందు ఎంతమందికి చెబుతున్నారు? ప్యాకేజీకి వేలు పోసే ఇంట్లో, "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?" అని అడగడానికి మాత్రం ఇల్లాలికి నోరు రాదు. ఆయన సంతకం పెడతాడు, ఈవిడ బల్లమీద పడుకుంటుంది.

కాబట్టి అక్కయ్యలారా, చెల్లెళ్ళారా, ముందు నోరు తెరవండి. "ఈ అంకె తెలిస్తే నా వైద్యం మారుతుందా?" అని డాక్టరునే అడగండి. మారుతుందంటే గాజులు పైకి తోసి చెయ్యి చాపండి. మారదంటే ఆ డబ్బుతో మంచి చీర కొనుక్కోండి.