మెయిన్ స్విచ్ బంద్ చేస్తే రూటర్ గతేంటి?

రాత్రి లాడ్‌బజార్‌లో గాజుల దుకాణాలు మూసే వేళ ఓసారి నిలబడి చూడండి. మెయిన్ స్విచ్ బంద్ చేస్తారు, షట్టర్ దించుతారు, తాళం వేస్తారు. మూలనున్న వైఫై రూటర్ ఆ క్షణంలో ఏం రాసుకుంటోందో ఎవరికీ పట్టదు. కంప్యూటర్‌కైతే షట్‌డౌన్ కొడతాం, రూటర్‌కి ఎవరు కొడతారు? మర్నాడు స్విచ్ వేయగానే అది లేవాలి, అంతే.

ఎంబెడెడ్ లైనక్స్ ఉద్యోగానికి వెళ్తే మీకు ఎదురయ్యే ప్రశ్న ఇక్కడే ఉంది. ‘ఫ్లాష్ మీద ఏ ఫైల్‌సిస్టమ్ పెడతావు?’ అని అడిగితే చాలామంది తడుముకోకుండా ‘ఈఎక్స్‌టీ4 సార్’ అనేస్తారు. అది తప్పని కాదు. కానీ ముందు మీరే ఎదురు ప్రశ్న వేయాలి: అది వట్టి నాండ్ చిప్పా, ఈఎంఎంసీనా?

తేడా చిన్నది కాదు. నాండ్‌లో రాసేది పేజీల లెక్కన, చెరిపేది బ్లాకుల లెక్కన. 2 కేబీ పేజీ ఉన్న చిప్‌లో బ్లాకు తరచూ 128 కేబీ ఉంటుంది. ప్రతి బ్లాకునూ ఇన్నిసార్లే చెరపగలం, ఆ తర్వాత అది అరిగిపోతుంది. అందుకే రాతలను అన్ని బ్లాకులకూ సమానంగా పంచాలి. ఈఎంఎంసీలో ఆ పని లోపలి కంట్రోలర్ చూసుకుంటుంది కాబట్టి దానిమీద ఈఎక్స్‌టీ4 గానీ, శాంసంగ్ తయారుచేసి 2013లో లైనక్స్ 3.8లో చేరిన ఎఫ్2ఎఫ్ఎస్ గానీ నడుస్తాయి. వట్టి నాండ్‌లో ఆ కంట్రోలర్ ఉండదు. అక్కడ యూబీఐఎఫ్ఎస్ కావాలి. పాత జేఎఫ్ఎఫ్ఎస్2 చిన్న చిప్‌లకు ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, చిప్ పెద్దదైతే మాత్రం మౌంట్ కావడానికి చాలా సమయం తీసుకుంటుంది. మన ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో తిరిగే డిస్కు లెక్కలు ఇంకా చేయిస్తూనే ఉన్నారు. ఈ సంగతి మాత్రం ఎవరికి వారే నేర్చుకోవాల్సి వస్తోంది.

కంట్రోలర్ ఉందని నిశ్చింతగా ఉంటే ఏమవుతుందో టెస్లాను చూడండి. 2021లో ఆ కంపెనీ అమెరికాలో సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది. వాటి తెర వెనక ఉన్నది 8 జీబీ ఈఎంఎంసీ. ఒక్కో బ్లాకు ఆయుష్షు సుమారు 3,000 చెరుపులు. కారు నడిచేకొద్దీ అది అరిగి, తెరతో పాటు వెనక కెమెరా దృశ్యం కూడా పోయే పరిస్థితి వచ్చింది. కాబట్టి ఫైల్‌సిస్టమ్ పేరు చెప్పే ముందు రోజుకు ఎంత రాస్తారో లెక్క కట్టండి. పనికిరాని లాగ్‌లను ర్యామ్‌లోనే ఉంచితే ఆయుష్షు ఎంత పెరుగుతుందో కూడా లెక్కేయండి. ఇంటర్వ్యూలో ఈ లెక్క చెప్పేవాళ్లు అరుదు.

ఇక స్విచ్ సంగతి. కరెంటు పోయినా ఫైల్‌సిస్టమ్ బతకొచ్చు, మీ ఫైలు మాత్రం బతక్కపోవచ్చు. యూబీఐఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 రెండూ రాతలను కాసేపు మెమరీలో పట్టుకుంటాయి. అందుకే సెట్టింగులను నేరుగా పాత ఫైలు మీద రాయకండి. కొత్త ఫైలులో రాసి, ఎఫ్‌సింక్ చేసి, ఆ తర్వాత పేరు మార్చండి. మారని భాగాన్ని స్క్వాష్‌ఎఫ్ఎస్‌లో చదవడానికి మాత్రమే వీలుగా పెట్టేస్తే సగం బెంగ తీరుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రూటర్లు చేసేది ఇదే.

నేర్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. లైనక్స్‌లో నాండ్‌సిమ్ అనే మాడ్యూల్ ఉంది. ల్యాప్‌టాప్ ర్యామ్‌లోనే ఉత్తుత్తి నాండ్ చిప్ తయారుచేస్తుంది, దానిమీద యూబీఐఎఫ్ఎస్ పెట్టి ఆడుకోవచ్చు. అసలు బోర్డే కావాలంటే మూసీ దాటి కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్లండి. పాత రూటర్ దొరికితే ఆ మోడల్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉందో లేదో చూశాకే డబ్బులివ్వండి. ఇంటికొచ్చాక ఒక చిన్న ప్రోగ్రామ్‌తో ఆపకుండా ఫైలు రాయిస్తూ, మధ్యలో అడాప్టర్ పీకేయండి. యాభైసార్లు పీకి, ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు ఫైలు ఖాళీగా కనిపించిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి.