విద్యార్థి వసతియే నాయకత్వమునకు పునాది

మన పిల్లలు కళాశాలలకు పోవుచున్నారు, పట్టములు పొందుచున్నారు, ఉద్యోగములలో కుదురుకొనుచున్నారు. ఇది సంతోషింపదగినదే. అయినను అట్లు కుదురుకొనినవారిలో సంఘము పనిని తమ పనిగా నెంచువారెందరని ప్రశ్నించుకొన్నచో సమాధానము ఉత్సాహకరముగా లేదు. యువకులకు శ్రద్ధ లేదని పెద్దలు తేలికగా ననుచుందురు. నా యభిప్రాయములో లోపము వారి యందు కాదు, చదువుకొను కాలమున వారు నివసించుచున్న రీతిలో నున్నది.

అమెరికాలోని యూదుల చరిత్ర ఈ విషయమున చూడదగినది. 1922లో హార్వర్డు విశ్వవిద్యాలయాధ్యక్షుడు లోవెల్, యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధింపవలెనని ప్రతిపాదించెను. విద్యార్థుల సోదర సంఘములు పెక్కింట వారికి ప్రవేశమే లేకుండెను. ఆ విద్యార్థులు చిన్నబుచ్చుకొని ఊరకుండలేదు. తమ చరిత్రను, సంస్కృతిని చదువుకొనుటకు 1906లోనే హార్వర్డులో మెనోరా సంఘమును స్థాపించుకొనియుండిరి. 1923లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున, ప్రాచీన యూదు పండితుడగు హిల్లెల్ పేర మరియొక సంస్థ వెలసి, పిమ్మట ఇతర విశ్వవిద్యాలయములకు వ్యాపించెను. పండుగలు, సహపంక్తి భోజనములు, వాదోపవాదములు అచట చదువులో భాగములయ్యెను. ఇల్లినాయిలో చరిత్ర బోధించిన ఏబ్రమ్ సాకర్ 1933లో హిల్లెల్ జాతీయ సంచాలకుడయ్యెను. 1948లో బ్రాండైస్ విశ్వవిద్యాలయము స్థాపింపబడగా దాని తొలి యధ్యక్షుడును ఆయనయే. యూదులు పోషించిన ఆ విశ్వవిద్యాలయము అన్ని మతములవారిని చేర్చుకొన్నది.

ఇది దూరదేశపు మాట యనువారు 1956 వరకు మన జిల్లాకును రాజధానియైన హైదరాబాదును తలచుకొనవలెను. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. ఆ సంవత్సరముననే, తరువాత నగర కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసెను. దాని నిర్వహణ భారము వహించిన సురవరం ప్రతాపరెడ్డిగారు అచటి గ్రంథాలయమును పెంపొందించిరి. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. అచట నివసించి చదివిన రావి నారాయణరెడ్డిగారు 1941లో ఆంధ్ర మహాసభ కధ్యక్షులై, రైతుల పక్షమున నిలిచిరి. 1938లో వందేమాతరము పాడినందులకు ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులైనప్పుడు, చదువు పోవునని తెలిసియు వారు కలసికట్టుగా నిలిచిరి. వారిలో పెక్కుమందిని నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. ఒక కప్పు క్రింద కలసి యున్నవారికే అట్టి ధైర్యము సులభముగా నలవడును.

మన పిల్లలు నేడు కలబురగిలో, బెంగుళూరులో, హైదరాబాదులో అద్దెగదులలో ఒంటరిగా నుండి చదువుచున్నారు. వారికి పాఠము చెప్పువారున్నారు. పదిమంది లెక్కలు వ్రాయుట, సభ నడపుట, భిన్నాభిప్రాయమును ఓర్పుతో వినుట నేర్పువారు లేరు. ఈ విద్యలు లేక సంఘ నాయకత్వము రాదు. ఉద్యోగమున పైకి వచ్చుటకును ఇవియే యక్కరకు వచ్చును.

వేరుగా వసతి కల్పించుకొన్నచో కన్నడ సోదరులకు దూరమగుదుమని కొందరు శంకింతురు. ఒక కులము పేరనో భాష పేరనో వెలసిన గృహము గోడగా మారు ప్రమాదము లేకపోలేదు. అందుచే మన గృహమున తెలుగు గ్రంథముల ప్రక్కన కన్నడ గ్రంథములుండవలెను. కన్నడ విద్యార్థికిని చోటుండవలెను. మన బీదరులోనే సిక్కు సోదరులు సంఖ్యలో కొలదిమందియైనను, గురుద్వారా ప్రబంధక సమితి పక్షమున 1980లో గురునానక్ దేవ్ ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పిరి. అన్ని వర్గముల పిల్లలు అందు చదువుచున్నారు.

భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనుటకు రాజ్యాంగపు 30వ అధికరణము హక్కు నిచ్చినది. హక్కును వాడుకొను మనుష్యులను మనమే తయారు చేసికొనవలెను. కళాశాల కట్టు శక్తి నేడు మనకు లేదు. కలబురగిలో పదిమంది విద్యార్థులకు చాలిన ఇల్లొకటి అద్దెకు తీసికొనగలము. వంట, పద్దులు, పుస్తకముల యలమార విద్యార్థులే వంతులవారీగా చూచుకొనవలెను. ఆదివారము చర్చ జరుపుకొనవలెను. ఉద్యోగస్థులైన మనవారు నెలకొకరు వెళ్లి వారితో ఒక పూట గడపవలెను. ఆడపిల్లల వసతిని "తరువాత చూతము" అని వాయిదా వేయరాదు. రెండు గృహములును ఒకే తీర్మానమున నుండవలెను.

పెండ్లి విందులో ఒక పంక్తికగు ఖర్చును ప్రతి కుటుంబము ఈ నిధికిచ్చినచో తొలి సంవత్సరపు అద్దెకు వెదుకుకొన నక్కరలేదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. పది సంవత్సరముల తరువాత ఈ సంఘపు పద్దుల పుస్తకము ఎవరి చేతికి అప్పగింతుమో, ఆ బాలుడో బాలికయో నేడే ఏదో యొక అద్దెగదిలో ఒంటరిగా చదువుకొనుచున్నారు.